పట్టా పక్కకు జరిగితే తప్పు పట్టాదేనా?

గడ్డి చుట్టే యంత్రంలో పట్టా ఒక పక్కకు జరగడం మొదలైందంటే, చాలామంది చేసే మొదటి పని కొత్త పట్టా కోసం ఫోన్ చేయడం. కొత్తది వస్తుంది, ఎక్కుతుంది, రెండు మూడు రోజులు బుద్ధిగా నడుస్తుంది. తర్వాత మళ్లీ పాత దారే. అంచు చీలుతుంది, పక్క పట్టా మీదికి ఎక్కుతుంది, ఒక్కోసారి పూర్తిగా తిరగబడుతుంది. డ్రైవరు పట్టా సాగిందంటాడు, మెకానిక్ రోలరు వంగిందంటాడు, యజమాని డ్రైవరుకు నడపడం రాదంటాడు. ముగ్గురి మాటలోనూ కొంత నిజం ఉంది. ఏది ఎంత నిజమో, ఏది ఎప్పుడు నిజమో తేల్చడమే ఈ సమీక్ష పని.

జగిత్యాల ప్రాంతానికి ఇది చిన్న విషయం కాదు. 2016లో జిల్లాల పునర్విభజనతో జగిత్యాల జిల్లా అయింది, అప్పుడే బుగ్గారం మండలమైంది. శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ నీళ్లు, బోర్లు, చెరువులు కలిసి ఈ జిల్లాను వరి జిల్లాగా మార్చాయి. జగిత్యాల పక్కనే ఉన్న పొలాస పరిశోధనా స్థానం నుంచి వచ్చిన వరి రకాలు రాష్ట్రమంతా సాగవుతున్నాయి. కోతలు కూలీల చేతుల నుంచి హార్వెస్టర్ల చేతికి పోయాక గడ్డి పరిస్థితి మారింది. కొడవలితో కోసిన రోజుల్లో మోపులు కట్టి వాము పెట్టేవారు. హార్వెస్టరు గడ్డిని నలిపి వెనుక వరుసగా పోసి పోతుంది. దాన్ని చేత్తో ఏరి మోపు కట్టే ఓపిక, కూలి డబ్బు రెండూ లేవు. వానాకాలం కోతకు, యాసంగి నాట్లకు మధ్య ఉండే వ్యవధి తక్కువ. ఆ లోగా గడ్డి లేవకపోతే అగ్గిపుల్ల గీయడమే. బర్రెలకు మేత కావాలన్నా, పొలం కాలకుండా ఉండాలన్నా కట్టలు కట్టే యంత్రం సమయానికి తిరగాలి. సీజనులో ఆ యంత్రం ఒక రోజు ఆగితే వరుసలో ఉన్న రైతులందరి పని ఆగుతుంది.

ఏ యంత్రంలో ఏముంది

గుండ్రటి కట్టల యంత్రాలన్నీ ఒకటి కావు. వీటి పుట్టుక అమెరికాలో. నెబ్రాస్కాకు చెందిన లూబెన్ కుటుంబం 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే ఈ ఆలోచనకు రూపం ఇచ్చింది. దాని ఆధారంగా అలిస్ చామర్స్ కంపెనీ 1947లో రోటో బేలర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. వెడల్పాటి పట్టాల మధ్య గడ్డిని చాపలా చుట్టి చిన్న కట్టలు చేసేది. 1971లో అయోవా రాష్ట్రంలోని పెల్లా ఊరి గ్యారీ వెర్మీర్ పెద్ద కట్టల యంత్రాన్ని తెచ్చాడు. ఒక్క మనిషి ట్రాక్టరు మీద కూర్చొని టన్నుకు దగ్గరగా తూగే కట్టను చుట్టగలిగాడు. అప్పటి నుంచి రెండు దారులు ఏర్పడ్డాయి.

మొదటి దారిలో చాంబరు కొలత మారదు. చుట్టూ ఇనుప రోలర్లు, లేదా గొలుసుకు బిగించిన అడ్డపట్టీలు ఉంటాయి. గడ్డి ఆ ఖాళీని నింపాకే బిగువు వస్తుంది. రెండో దారిలో చాంబరు కట్టతో పాటే పెరుగుతుంది. నాలుగు నుంచి పది దాకా పొడవాటి రబ్బరు పట్టాలు పక్కపక్కనే తిరుగుతూ కట్టను మొదటి పిడికెడు గడ్డి నుంచే ఒత్తిపట్టి ఉంచుతాయి. స్ప్రింగులో, హైడ్రాలిక్ సిలిండర్లో లాగే ఒక చేయి ఆ పట్టాల వదులును తనలోకి తీసుకుంటూ, కట్ట లావయ్యే కొద్దీ కొంచెం కొంచెంగా వదులుతుంది.

తెలంగాణ పల్లెల్లో ఎక్కువగా కనబడేది మొదటి రకం. మామూలు ట్రాక్టరుకు తగిలించి, రెండడుగుల మందం, మూడడుగుల పొడవు ఉండే కట్టలు చుట్టే చిన్న యంత్రాలు. ఒక మనిషి ఎత్తి ట్రాలీలో వేయగలిగేంత బరువే ఉంటుంది. వీటి చాంబరులో పట్టాలు ఉండవు, రోలర్లే. కాబట్టి పట్టా పక్కకు పోవడం అనే జబ్బు అచ్చంగా రెండో రకానిది. అయినా దాని వెనుక ఉన్న కారణాల్లో సగం మొదటి రకానికీ వర్తిస్తాయి. ఆ సంగతి తర్వాత చూద్దాం.

పట్టా ఎటు పోతుంది, ఎందుకు పోతుంది

ఈ ప్రశ్నకు జవాబు తెలిసినవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. పాత పిండి గిర్నీ నడిపినవాళ్లకూ, రైస్‌మిల్లులో ధాన్యం పైకెత్తే ఎలివేటరు చూసుకునే ఫిట్టర్లకూ బల్లపరుపు పట్టా గుణం తెలుసు. గిర్నీ పుల్లీని తడిమి చూస్తే మధ్యలో కాస్త ఉబ్బుగా, అంచుల్లో పల్లంగా ఉంటుంది. పట్టాకు ఎత్తైన చోటికి ఎక్కే గుణం ఉంది. లావు భాగం పట్టాను ఒక అంచున ఎక్కువ లాగుతుంది. దాంతో వెనుక వచ్చే పట్టా కొద్దిగా వంగి, ఇంకాస్త ఎత్తు మీదికి వచ్చి పడుతుంది. అలా ఎక్కి ఎక్కి నడుమన నిలుస్తుంది. పుల్లీకి ఉబ్బు పెట్టింది అందుకే.

రెండో సూత్రం రోలరు వంకరది. రోలరు పట్టా దారికి సరిగ్గా అడ్డంగా లేకపోతే, దాని ఏ చివర పట్టాకు ముందుగా తగులుతుందో పట్టా ఆ చివరకు జరుగుతుంది. రెండు రోలర్లు సమాంతరంగా లేనప్పుడు పట్టా బిగువు వైపు కాక వదులు వైపు పోవడం కనిపించేది ఇందువల్లే. రెండు సూత్రాలూ కలిసి కొత్తవాళ్లను తికమక పెడతాయి. ఒకచోట బిగువు వైపు పోతుంది, ఒకచోట వదులు వైపు పోతుంది. రోలరు ఆకారం తేడా అయితే ఎత్తు వైపు, రోలరు దిశ తేడా అయితే ముందు తాకే వైపు అని గుర్తు పెట్టుకుంటే గందరగోళం తీరుతుంది.

ఈ రెండు సూత్రాలూ తెలిస్తే పొలంలో జరిగే ఒక వింత అర్థమవుతుంది. తడి గడ్డితో వచ్చిన బురద రోలరుకు ఒక చోట ఉంగరంలా అంటుకొని ఎండిపోతుంది. వేలి మందం కూడా ఉండదు. కానీ పట్టా దృష్టిలో అది ఉబ్బిన పుల్లీయే. గిర్నీలో పట్టాను నిలబెట్టిన గుణమే ఇక్కడ దాన్ని దారి తప్పిస్తుంది. కత్తితో ఆ ఉంగరాన్ని గీకేస్తే, కొత్త పట్టా తీర్చలేని జబ్బు పది నిమిషాల్లో తీరిపోతుంది.

నాలుగు వాదనలు

పట్టా జరగడానికి చెప్పే కారణాలన్నిటినీ నాలుగు గుంపులు చేయవచ్చు. ఒక్కో గుంపు వెనుక ఒక్కో రకం అనుభవం ఉంది.

మొదటి వాదన: తప్పు పట్టాదే. ఇందులో అన్నిటికన్నా బలమైన భాగం అతుకు గురించినది. ఈ పట్టాలను రెండు చివర్లలో ఇనుప కొక్కేలు దిగ్గొట్టి, మధ్యలో పిన్ను దూర్చి కలుపుతారు. చివర మూలమట్టానికి కోయకపోతే పట్టా ఒక పక్క పొడవు, ఒక పక్క పొట్టి అవుతుంది. అతుకు రోలరు మీదికి వచ్చిన ప్రతిసారీ పట్టా పక్కకు ఒక కుదుపు కుదుపుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మూలమట్టాన్ని పట్టా అంచుకు ఆనించి గీత గీయడం. వాడిన పట్టా అంచు అరిగి వంకర తిరిగి ఉంటుంది, దాన్ని నమ్మకూడదు. చివరి నుంచి ఒకటి రెండు గజాల మేర అక్కడక్కడ వెడల్పు కొలిచి నడుమ చుక్కలు పెట్టి, ఆ చుక్కలు కలుపుతూ నడిగీత గీసి, దానికి అడ్డంగా మూలమట్టం పెట్టాలి. అతుకు వేశాక, తిరిగే దిశలో వెనకబడే మూలను కొంచెం ఏటవాలుగా కత్తిరిస్తే అది పక్క పట్టాకు తగిలి లేవదు.

అదే గుంపులో పొడవుల తేడా కూడా ఉంది. తెగిన పట్టాను రెండంగుళాలు కోసి అతికితే అది మిగతావాటికన్నా పొట్టిదవుతుంది. పొట్టిది ఒక్కటే బరువంతా మోస్తుంది, మిగతావి వదులై ఊగుతాయి. కొత్త పట్టా ఒక్కటే వేసేటప్పుడు దాన్ని పాతవాటి పొడవుకు సరిపెట్టాలి. ఒక పట్టా తీసేసి మిగతావాటితో రోజు గడిపేద్దామనుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. పక్క పట్టాకు గోడ కూడా పట్టాయే. ఒకటి లేకపోతే దాని ఇరుగుపొరుగు రెండూ ఖాళీలోకి ఒరుగుతాయి.

రెండో వాదన: తప్పు రోలర్లది, ఇనుప చట్రానిది. బేరింగు అరిగి రోలరు చివర కిందికి దిగడం, బిగువు చేయి ఒక పక్క వంగడం, రెండు పక్కల స్ప్రింగుల బలం వేరవడం, పట్టాల మధ్య నిలిపే గైడ్లు అరగడం, రోలరుకు గడ్డి చుట్టుకోవడం, బురద పేరుకోవడం అన్నీ ఇందులోకే వస్తాయి. ఈ వాదన బలం ఏమిటంటే వీటిని కొలిచి చూపవచ్చు. రోలర్ల చివరల మధ్య దూరం కుడి పక్కన ఎంతో ఎడమ పక్కనా అంతే ఉండాలి. టేపు అబద్ధం చెప్పదు. బేరింగు పోయిందీ లేనిదీ తెలుసుకోవడానికి యంత్రం ఆపాక చేయి దగ్గరపెట్టి వేడి చూడవచ్చు, రోలరును పైకీ కిందికీ కదిలించి ఆట చూడవచ్చు.

మూడో వాదన: తప్పు బిగువుది. ఇది అన్నిటికన్నా ఎక్కువ నమ్మే వాదన, అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది కూడా. బిగువు పెంచితే పట్టా జారడం తగ్గుతుంది, కట్ట గట్టిగా వస్తుంది. పక్కకు జరగడం మాత్రం ఆగదు. వంకర రోలరు మీద బిగువైన పట్టా కూడా పక్కకే పోతుంది. దానితో పాటు అతుకుల మీద, బేరింగుల మీద భారం పెరుగుతుంది. బిగువు మరీ తక్కువైతే అంచు పట్టాలు వదులై తిరగబడతాయన్నది నిజమే. అందుకే బిగువును కంపెనీ పుస్తకం చెప్పిన అంకె దగ్గర పెట్టి, అక్కడితో దాన్ని మర్చిపోవాలి. జరిగే పట్టాకు బిగువు పెంచడం మందు కాదు.

నాలుగో వాదన: తప్పు గడ్డిది, నడిపే తీరుది. గడ్డి వరుస చాంబరు వెడల్పు కన్నా సన్నగా ఉండి, ట్రాక్టరు తిన్నగా దాని మీదుగానే పోతే కట్ట నడుమ ఉబ్బి డోలులా వస్తుంది. నడిమి పట్టాలు బిగుసుకుంటాయి, అంచువి వదులవుతాయి. వరుస ఒక పక్కనే పడుతుంటే కట్ట ఒక చివర లావు, ఒక చివర సన్నం. సన్న చివరి పట్టాలు వదులై, దారి తప్పి, పక్కవాటి మీదికి ఎక్కుతాయి. ఇక్కడ పట్టాకూ రోలరుకూ ఏ దోషమూ లేదు. ఏ దోషమూ లేని యంత్రాన్ని కూడా వంకర కట్ట వంకరగానే నడిపిస్తుంది.

ఈ నాలుగింటిలో మొదటి మూడూ యంత్రం ఆపి చూసేవి, నాలుగోది యంత్రం నడుస్తున్నప్పుడు చూడాల్సింది. షెడ్డుకు తెచ్చిన యంత్రంలో నాలుగో కారణం కనబడదు. అందుకే మెకానిక్ దాకా వచ్చేసరికి అది లెక్కలోంచి జారిపోతుంది, బిల్లు మాత్రం మొదటి మూడింటి మీద పడుతుంది.

మన పొలంలో కలిసొచ్చే చిక్కులు

కంపెనీ పుస్తకాలు రాసింది మైళ్లకొద్దీ తిన్నగా పోయే గడ్డి మైదానాల కోసం. బుగ్గారం, ధర్మపురి వైపు పొలాల లెక్క వేరు. మడి చిన్నది, చుట్టూ ఒడ్డు. కట్ట సగం కాకముందే మలుపు వస్తుంది. మలుపులో వరుస ఒక పక్కకే పడుతుంది, కట్ట ఒక వైపే లావవుతుంది. చిన్న కట్ట రెండు మలుపుల మధ్య పూర్తవుతుంది గనుక నష్టం తక్కువ. పెద్ద కట్ట చుట్టే పట్టాల యంత్రం మాత్రం ఒక్కో కట్టకు ఎన్నో మలుపులు తిరగాలి. చిన్న మడుల ప్రాంతంలో పెద్ద పట్టాల యంత్రాన్ని కొనేముందు ఆలోచించాల్సిన మొదటి సంగతి ఇదే.

రెండో చిక్కు వరిగడ్డిది. వరిగడ్డిలో సిలికా ఎక్కువ. ఆకు చేతికి గరగరలాడేది అందుకే. అది పట్టా అంచునూ గైడునూ ఆకురాయిలా అరగదీస్తుంది. బాగా ఎండిన వరిగడ్డి జారుతుంది కూడా. చాంబరులో మొదటి గడ్డి తిరగకుండా నిలబడిపోతుంది, దాని మీద పట్టాలు జారుతూ వేడెక్కుతాయి. హార్వెస్టరు మరీ నలిపిన గడ్డి అయితే ముక్కలు పట్టాల సందుల్లోంచి లోపలికి రాలి రోలర్ల మీద పేరుకుంటాయి.

మూడోది బురద. వానాకాలం కోతలప్పుడు పొలం ఆరకముందే గొలుసు చక్రాల హార్వెస్టరు దిగుతుంది. దాని గొలుసులు మట్టిని లేపుతాయి, గడ్డి వరుసలో పెళ్లలు కలుస్తాయి. గడ్డిని నేల మీంచి ఎత్తే పికప్ పళ్లు కొయ్యకాళ్ల కింది దాకా దిగి గీకితే ఆ మట్టి నేరుగా రోలర్ల మీదికి పోతుంది. పళ్లను రెండు వేళ్లు పైకి పెట్టి నడిపితే కాస్త గడ్డి పొలంలో మిగులుతుంది, రోలరు శుభ్రంగా ఉంటుంది. ఇందులో ఏది లాభమో చెప్పడానికి పెద్ద లెక్కలు అక్కర్లేదు.

నాలుగోది కూలి లెక్క. ఇక్కడ కట్టల యంత్రానికి డబ్బు ఎక్కువగా కట్టకు ఇంత అని ఇస్తారు. కట్టల సంఖ్య మీదే ఆదాయం గనుక ఆపి శుభ్రం చేసిన సమయం డ్రైవరుకు నష్టంగా కనబడుతుంది. వేగం పెరిగి, వరుస మీద అటూ ఇటూ నడిపే ఓపిక తగ్గి, కట్ట వదులుగా, వంకరగా వస్తుంది. పట్టాల జబ్బుకు ఇనుములో కారణం వెతికేవాళ్లు ఈ లెక్కనూ ఒకసారి చూడాలి.

ఇక చిన్న రోలరు యంత్రాల సంగతి. వీటిలో జరిగే పట్టా లేదు గానీ లావు-సన్నం కట్ట ఉంది. సన్న చివర నుంచి సుతిలి జారిపోతుంది, ట్రాలీలో కట్ట సరిగ్గా కూర్చోదు, వాములో సందులు పడి వాన దిగుతుంది. ఒక పక్క గొలుసు సాగడం, ఒక పక్క బేరింగు పోవడం వీటికీ మామూలే. గడ్డి రెండు అంచులకూ సమంగా పడాలన్న నియమం రెండు రకాల యంత్రాలకూ ఒకటే.

ఏ వరుసలో చూడాలి

ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చైనది చివర. ఈ ఒక్క సూత్రం పాటిస్తే చాలు.

మొదట, యంత్రాన్ని గడ్డి లేకుండా తక్కువ వేగంతో తిప్పి, దూరంగా నిలబడి చూడాలి. ఖాళీగా తిన్నగా నడిచి, గడ్డి పడ్డాక జరుగుతుంటే తప్పు నాలుగో వాదనలో ఉంది. వరుస చాంబరంత వెడల్పుగా ఉంటే తిన్నగా పోవచ్చు. సన్నగా ఉంటే కొంత దూరం ఎడమ అంచు నింపి, కొంత దూరం కుడి అంచు నింపాలి. నడుమ దాటేటప్పుడు త్వరగా దాటాలి. పాములా మెలికలు తిరుగుతూ పోతే గడ్డంతా మళ్లీ నడుమే పడుతుంది.

రెండోది, ఎన్ని పట్టాలు జరుగుతున్నాయో లెక్క చూడాలి. అన్నీ ఒకే వైపు పోతుంటే రోలరో, బిగువు చేయో, చట్రమో వంకర. టేపుతో కుడి ఎడమలు కొలవాలి. ఒక్కటే జరుగుతుంటే దాని మీద సుద్దగీత పెట్టి గమనించాలి. ప్రతి చుట్టులో ఒకేచోట కుదుపు వస్తే అది అతుకు.

మూడోది, అనుమానం ఉన్న పట్టాను పక్కదానితో స్థానం మార్చాలి. జబ్బు పట్టాతో పాటే కొత్త చోటికి పోతే తప్పు పట్టాది. పట్టా మారినా జబ్బు పాత చోటే ఉంటే అక్కడి రోలరుదో, గైడుదో, బురదదో. వేల రూపాయల సామాను కొనాలా వద్దా అన్నది ఈ ఒక్క మార్పిడితో తేలుతుంది. అయినా దీన్ని చేసేవాళ్లు తక్కువ. పట్టా ఎక్కించి దించడం కష్టమన్న బద్ధకమే కారణం.

ఇవన్నీ అయ్యాకే పొడవులు కొలవడం, బేరింగులు విప్పడం, కొత్త పట్టా మాట. సీజను ముగిశాక పట్టాల బిగువు వదిలేసి, యంత్రాన్ని నీడలో పెట్టడం మర్చిపోకూడదు. మే నెల జగిత్యాల ఎండలో ఆరుబయట నిలిచిన రబ్బరు వచ్చే సీజనుకు పగుళ్లిస్తుంది.

ప్రాణం ముందు

పట్టాను దారిలో పెట్టాలని నడుస్తున్న యంత్రంలో కర్ర దూర్చడం, చిక్కిన గడ్డిని చేత్తో లాగడం ప్రపంచమంతటా ప్రాణాలు తీసిన పని. గడ్డి చేతి నుంచి వదిలేలోపే పట్టా చేతిని లోపలికి లాగుతుంది. ట్రాక్టరు నుంచి యంత్రాన్ని తిప్పే పీటీఓ ఆపి, ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే దగ్గరకు పోవాలి. వెనుక తలుపు ఎత్తి పని చేసేటప్పుడు సిలిండరు లాకు తప్పనిసరిగా వేయాలి. బిగువు స్ప్రింగులో దాగిన బలం ఇంజను ఆగాక కూడా ఉంటుంది, దాన్ని వదలకుండా పిన్ను తీయకూడదు. ఇంకొకటి నిప్పు. చట్రానికి రాసుకుంటున్న పట్టా, ఎండిపోయిన బేరింగు, ఎండుగడ్డి పొట్టు, యాసంగి ఎండ నాలుగూ కలిస్తే యంత్రం పొలంలోనే కాలిపోవచ్చు. ట్రాక్టరు మీద నీళ్ల డబ్బా, మంటలార్పే సిలిండరు ఉండాలి. పక్కకు జరిగే పట్టాను రేపు చూద్దాంలే అనుకోకూడదనడానికి ఇదే పెద్ద కారణం.

తేలింది ఏమిటి

నాలుగు వాదనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వాటిలో పోటీ తక్కువ, వరుస ఎక్కువ. గడ్డి వంకరగా పడితే కట్ట వంకరవుతుంది. వంకర కట్ట ఒక పక్క బేరింగునూ స్ప్రింగునూ ఎక్కువ శ్రమ పెడుతుంది. అరిగిన బేరింగు రోలరును వంచుతుంది. వంగిన రోలరు పట్టా అంచును చీలుస్తుంది. అందరి కంటా పడేది చివరి మెట్టు, అది పట్టా. కాబట్టి ఒక సీజనులో అరిగిన పట్టా పోయిన సీజను నడిపిన తీరుకు సాక్ష్యం కావచ్చు. అప్పుడు కొత్త పట్టా వేయక తప్పదు. కానీ దానితో పాటు మొదటి మెట్టూ సరిచేయకపోతే ఆ డబ్బు వృథా.

ఇందులో సర్కారు చేయగలిగిందీ కొంత ఉంది. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ యంత్రాలను పరీక్షిస్తుంది, నడిపేవాళ్లకు శిక్షణ ఇస్తుంది. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉపపథకం కింద యంత్రాలకు రాయితీ, అద్దె కేంద్రాలకు సాయం దొరుకుతున్నాయి. అయితే రాయితీ ఇనుముకు వస్తుంది, దాన్ని నడిపే చేతికి అంతగా రాదు. ఒక యంత్రానికి ఇచ్చే రాయితీలో చిన్న భాగం డ్రైవరు శిక్షణకు పోతే, అంతకన్నా పెద్ద భాగం మరమ్మతుల్లో మిగులుతుంది. హార్వెస్టరు డ్రైవరుకూ ఆ శిక్షణలో చోటుండాలి. గడ్డి వరుసను పోసేది అతడే.

కొత్త పట్టాకు ఫోన్ చేసే ముందు యజమాని అడగాల్సిన ప్రశ్నలు మూడే. ఖాళీగా తిప్పితే జరుగుతోందా? జరిగేది ఒకటా, అన్నీనా? స్థానం మారిస్తే జబ్బు ఎటు పోయింది? వీటికి జవాబు లేకుండా పట్టా మార్చమనే మెకానిక్ దగ్గర ఆ రోజుకు డబ్బు విప్పకపోవడమే మంచిది.